సహస్రనామం చదివినంతసేపు

కంబమందు నున్న కరుణాలవాలమా!
సింహగిరిని వెలయు శ్రీవిభుండ!
తెలిసినంత మేర తెగువతో పలుకంగ
నాలుకందు నిలిచి నన్నుఁ గావు.

సింహాద్రినాథునికి నమస్కరించి, ఇనుముకు జ్ఞాపకం ఉంటుందని కనిపెట్టిన ఒక స్త్రీ కథను చెబుతున్నాను.

కార్తీక మాసపు రెండవ సోమవారం, ఉదయం పదకొండు గంటల వేళ, విశాఖపట్నం రేవుకు సమీపంలో సుంకాల శాఖవారి సరుకులను పరీక్షించే ప్రయోగశాలలో అయిదారుగురు మనుషులు ఒక యంత్రం ముందు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. యంత్రం చూపులకు పెద్ద ఇనుప బీరువాలా ఉంటుంది. దాని లోపల రెండు చెక్కపీటలు. ఒక పీట మీద భోజనపు కంచమంత ఫ్లైవీలు చక్రం, రెండవదాని మీద అంతే వెడల్పున్న క్లచ్ ప్లేటు. మొదటిది ఇంజనుకు చెందినది; రెండవది గేరుపెట్టెకు చెందినది; కారు కూర్చేటప్పుడు రెంటినీ ఒకదానికొకటి ఆనించి బిగిస్తారు. ఒకటి శ్రావణంలో ఒక ఓడలోను, మరొకటి భాద్రపదంలో వేరొక ఓడలోను ఈ దేశానికి వచ్చాయి.

"తలుపు వేయండి" అన్నది హైమవతి.

ఆమె ఆ ప్రయోగశాలకు ప్రధాన శాస్త్రవేత్త. ఆ యంత్రాన్ని పదకొండేళ్ళు శ్రమించి నిర్మించినది ఆమెయే. దానికి సహవాస దర్శిని అని పేరు పెట్టింది. గట్టిగా బిగించబడి, కలిసి కాగి, కలిసి చల్లారిన రెండు లోహాల లోపలి రేణువులు ఒకే దిక్కుకు తల తిప్పుకొని నిలుస్తాయి. తరువాత వాటిని విడదీసినా, వేర్వేరు సముద్రాలు దాటించినా, ఆ దిక్కును అవి మరచిపోవు. యంత్రంలో పెట్టి మొదటిదానిని సన్నగా కదిలిస్తే, తాకకుండానే రెండవది అదే శ్రుతిలో పలుకుతుంది. ఎన్నడూ కలిసి ఉండని లోహాలైతే మౌనంగా ఉంటాయి.

హైమవతి చిన్న మీట నొక్కింది. క్షణకాలం ఏమీ వినరాలేదు. అటుపైన బీరువా లోపలినుండి తంబురా మీటినట్టు ఒక నాదం వెలువడింది. దాని వెంటనే, మొదటి తంబురాకు బదులిచ్చినట్టు రెండవ నాదం.

"ఇరవై ఒకటవ జత!" అని కేక వేశాడు సహాయకులలో ఒకడు. "మేడమ్, ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ పలికాయి!"

ఆ నాదం విలువ ఆ గదిలో ఉన్నవారందరికీ తెలుసు. విదేశపు కారును సిద్ధమైన కారుగా దిగుమతి చేసుకుంటే దాని వెలకు ఇంచుమించు సమానమైన సుంకం కట్టాలి. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ కూర్చితే అందులో పదోవంతు చాలు. ఆర్డెన్‌వాల్ట్ అనే విదేశీ కంపెనీ తన దేశంలోనే కార్లను పూర్తిగా కూర్చి, నడిపి చూసి, మళ్ళీ విప్పి, ఇంజన్లను ఒక ఓడలో, గేరుపెట్టెలను మరొక ఓడలో పంపుతున్నదని ప్రభుత్వం ఆరోపించింది. మేము విప్పలేదు, అసలు కలపనే లేదు అని కంపెనీ వాదించింది. నాలుగేళ్ళుగా సాగుతున్న ఆ వివాదానికి సాక్ష్యం లేదు. ఇప్పుడు ఇనుమే సాక్ష్యం పలికింది.

సంచాలకుడు ఆకెళ్ళ శంభుప్రసాద్ గారు రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "అమ్మా హైమవతీ, ఇది శాస్త్రం కాదు, స్తోత్రం! నివేదిక ఈ వారంలోనే వెళ్ళాలి" అన్నారు.

హైమవతి తలవంచి చేతులు జోడించింది. ఆ వారంలోనే నివేదిక వెళ్ళింది.

* * *

మార్గశిరం ముగియకముందే కంపెనీకి నోటీసు అందింది. ఎగవేసిన సుంకమూ, దానికి జరిమానా కలిపి ప్రభుత్వం అడిగినది ఎంత పెద్ద మొత్తమంటే, విచారణ మండలిలో తీర్పు తమకు ప్రతికూలంగా వస్తే కొత్తరేవు కర్మాగారాన్ని మాఘమాసాంతానికి మూసివేస్తామని కంపెనీ బహిరంగంగా ప్రకటించింది. కొత్తరేవులో మూడువేలమంది పనిచేస్తున్నారు. వారిలో ఒకడు ధనుంజయుడు, హైమవతికి ఒక్కగానొక్క తమ్ముడు. రంగులు వేసే విభాగంలో పర్యవేక్షకుడు. అక్క ఉండే ఇంటి పైభాగంలోనే భార్యాబిడ్డలతో కాపురం.

ఒక ఆదివారం ఉదయం హైమవతి పూజ ముగించుకుని వచ్చేసరికి అతడు వంటింటి గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఏరా, కాఫీ తాగావా?"

"నీ చేతి కాఫీకి కూడా ఏదైనా సుంకం ఉందేమో కనుక్కుని తాగుదామని ఆగాను."

"తిక్క మాటలు మాట్లాడకు. తాగు."

అతడు గ్లాసు అందుకున్నాడు, కానీ తాగలేదు. "అక్కా, ఫ్యాక్టరీలో నన్ను ఏమని పిలుస్తున్నారో తెలుసా? బీరువావారి తమ్ముడు. నిన్న క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరనుంచి అందరూ లేచిపోయారు. మా సూర్రావు లేడూ, నాతోపాటు చేరినవాడు? వాడు మాత్రం కూర్చున్నాడు. కూర్చుని, 'ధనూ, మీ అక్కగారి బీరువాలో మా పిల్లల స్కూలు ఫీజులు కూడా పెట్టి చూడమను, ఏం పలుకుతాయో' అన్నాడు."

హైమవతి పొయ్యి మీది పాలు దించింది.

"ఒక్కటి అడుగుతాను. విచారణలో నిన్ను పిలుస్తారు కదా. ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉండొచ్చు అను. అంతే. అబద్ధం చెప్పమనట్లేదు. ఉండొచ్చు అను. ఆ ఒక్క మాటతో మూడువేల ఇళ్ళు నిలబడతాయి."

"పొరపాటు జరిగి ఉంటే అంటాను, ధనుంజయా. జరగలేదు."

"జరగలేదని నీకు అంత నమ్మకమా?"

"నేను చెప్పేది నమ్మకం కాదురా, కొలత. ఇరవై ఒక్క జతలు పలికాయి. నాలుగేళ్ళు మీ దొరలు పచ్చి అబద్ధం ఆడారు. నువ్వు నా తమ్ముడివని ఇనుము తన మాట మార్చుకుంటుందా?"

"ఇనుము మార్చుకోదు. మనుషులు మార్చుకుంటారు. నీకు మనుషులకన్నా ఇనుమే దగ్గర" అని, తాగని కాఫీ గడప మీదే ఉంచి అతడు మెట్లెక్కిపోయాడు. ఆ రోజునుండి అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేవు. మేడమీద పిల్లలు పరుగెత్తుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా హైమవతి తలెత్తి చూసేది. వారి చదువు, వారి అన్నం తన నివేదిక కింద నలుగుతున్నాయని ఆమెకు తెలుసు. కానీ ఆ నివేదికలోని ప్రతి అక్షరమూ నిజమని తన మనస్సుకు తాను చెప్పుకుని నిలబడింది. ఆ ఒక్క ఊతమే ఆమెకు మిగిలింది.

* * *

మాఘ శుద్ధ దశమి నాడు విచారణ. నవమి నాటి ఉదయం హైమవతి ప్రయోగశాలలో కాగితాలు సర్దుకుంటూ ఉండగా నూకరాజు వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ప్రయోగశాల తాళాలు, సామానుగది, దీపాలు, పూలు అన్నీ అతడి చేతిమీదుగానే నడుస్తున్నాయి. ఇక రెండు నెలల్లో ఉద్యోగవిరమణ. సింహాచలం కొండకు వెళ్ళి వచ్చినట్టున్నాడు. నుదుట తడి ఆరని చందనం, చేతిలో ఆకుదొన్నె.

"పెసాదం తీసుకోండి తల్లీ. రేపు మీరు కోరుటుకెల్తన్నారు గదా, అప్పన్నబాబుకి సెప్పి వచ్చినాను."

ఆమె రెండు చేతులూ చాచి ప్రసాదం అందుకుంది. "మీ మొక్కు ఊరికే పోదు నూకరాజు గారూ."

"పోదు తల్లీ. ఇప్పుడు పోనేదు, ఇంకెప్పుడూ పోదు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ పలికినాయంటే ఏటనుకున్నారు? దసరాకి మీరు డిల్లీ ఎల్లిపోనారా, ఈయేడు పూజెవుడు సేస్తాడని నానే పూజారిబాబుని కేకేసి తెచ్చినాను. గొప్పగా సేయించినాను తల్లీ!"

"మంచి పని చేశారు. ఏటా చేసేదే కదా."

"ఏటా సేసినట్టు కాదమ్మా." నూకరాజు ముఖం వెలిగింది, గొంతు తగ్గించి, పెద్ద రహస్యం విప్పుతున్నవాడిలా ముందుకు వంగాడు. "ఏటా పైపైన బొట్టెట్టి, గుమ్మడికాయ కొట్టీసి ఊరుకుంటాం. ఈసారి నానాలోసించినాను. మిషన్ ఒక్కదానికే పూజయితే ఏటి లాబం? రేపది తూసేవి ఆ కారు ముక్కలే గదా. ఆటికీ అమ్మోరి సల్లని సూపు తగలాల. సామానుగదిలోంచి నలబై రెండు సంచులూ మోసుకొచ్చి మిషన్ కడుపులో పేర్చినాను."

హైమవతి చేతిలోని ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది.

"సంచులు విప్పారా?"

"సివసివా! లక్కముద్రలు నానెందుకు ముట్టుకుంటాను? ముద్ర మీద ముద్ర అలాగే ఉంది. పైనుంచి సంచులకే పసుపుకుంకాలెట్టి, మల్లీ తుడిసీసినాను, మీరు కోప్పడతారని." నవ్వాడు. "మరి నిద్దరోతున్న మిషన్‌కి హారతిస్తే దక్కదు గదా. లారీకి పూజ సేసినోడు ఇంజను ఆడించడేటి? అలాగే తలుపేసి పెద్ద మీట లేపినాను. ఎలాగ పాడిందనుకున్నారు! పూజారిబాబు సహస్రనామం సదివినంతసేపూ పాడింది తల్లీ, ఆయన గొంతుకి సుతి ఏసినట్టు. ఆ బాబే అన్నాడు, నూకరాజూ, నీ మిషన్‌లో అమ్మోరు పలికిందిరా అని."

సామాన్యంగా ఆ యంత్రంలో వాడేది చిన్న మీట. అది లోహాన్ని సన్నగా కదిలించి, దాని జ్ఞాపకాన్ని వింటుంది. పెద్ద మీట వేరు. కొత్తగా అచ్చుపోసిన లోహాన్ని పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు, దానిలోని పాత దిక్కులన్నీ తుడిచివేసి కొత్త దిక్కు నిలపడానికి అది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కొక్క నిమిషం మాత్రమే దానిని వాడతారు.

సహస్రనామం చదవడానికి ముప్పావుగంట పడుతుంది.

హైమవతి కుర్చీ అంచు పట్టుకుంది. గుడ్డ సంచి గాని, లక్కముద్ర గాని ఆ శక్తికి అడ్డు కావు. నలభై రెండు ముక్కలు, ఏ కారులో కలిసినవో, అసలు కలవనే లేదో, ఆ ముప్పావుగంటలో తమ గతమంతా మరచిపోయి ఒక్క గర్భంలో మళ్ళీ పుట్టాయి. మరి ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా పలకక ఏమి చేస్తాయి?

"ఏటి తల్లీ, అలగున్నారు? వొంట్లో బాగోనేదా?"

"నూకరాజు గారూ," ఆమె ప్రసాదం బల్ల మీద పెట్టింది, "సామానుగది తెరవండి. మొదటి జత, చివరి జత తీసుకురండి."

తెచ్చాడు. ఆమె వాటిలోని క్లచ్ ప్లేట్లను పక్కన పెట్టింది. మొదటి జతలోని ఫ్లైవీలు చక్రాన్ని ఒక పీట మీద, చివరి జతలోని ఫ్లైవీలు చక్రాన్ని రెండవ పీట మీద ఉంచి తలుపు వేసింది. ఒక ఇంజనుకు ఒక్కటే ఫ్లైవీలు ఉంటుంది. రెండు ఫ్లైవీళ్ళను ఒకదానికొకటి బిగించిన కారు ఈ భూమండలంలో ఎక్కడా లేదు. అవి పలకకూడదు. అధికారులు ఇచ్చిన జాబితా ప్రకారం జతలుగానే పరీక్షించింది కాని, ఒక జతలోని దానిని మరొక జతలోని దానితో ఆమె ఏనాడూ పెట్టి చూడలేదు. అడిగినదానికి జవాబు రాగానే, అడగని ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నదని తట్టలేదు.

పలకకు, పలకకు అని మనస్సులో అనుకుంటూ చిన్న మీట నొక్కింది.

మొదటి నాదం లేచింది. వెంటనే రెండవది, స్వచ్ఛంగా, నిండుగా, ఒక్క కంఠంలోనుండి వచ్చినట్టు.

నూకరాజు చేతులు జోడించి, "సూసినారా, అమ్మోరు మల్లీ పలికింది!" అన్నాడు. అంతలో ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

హైమవతి ఒక్కొక్క ముక్కనే మార్చి మార్చి పెట్టింది. మధ్యాహ్నం దాకా. ఏది పెట్టినా పలికింది. ఒక్కటైనా మౌనంగా ఉంటే బాగుండునని ఆమె కోరుకున్నది, ఒక్కటీ ఉండలేదు. చివరకు నేలమీద చతికిలబడి, నూకరాజుకు జరిగినదంతా మెల్లగా చెప్పింది.

అతడు ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. తరువాత అన్నాడు: "అంటే ఆ కంపినీవోల్లు దొంగలు కారా తల్లీ?"

"తెలియదు. దొంగలే కావచ్చు. కాకపోవచ్చు. ఆ ఓడల్లో వచ్చిన మిగతా సరుకంతా ఈపాటికి కార్లుగా మారి రోడ్ల మీద తిరుగుతోంది. కలవకుండా మిగిలిన ముక్కలు ఈ నలభై రెండే. వాటి నోట నిజం ఇక రాదు."

"నా సేతుల్తోనే..." అని నూకరాజు తన అరచేతులు చూసుకున్నాడు. "బగవంతుడి పేరు సెప్పుకుని నానే సాచ్చికాన్ని సంపీసినానా?"

ఆమె లేచి ముక్కలను మళ్ళీ సంచుల్లో సర్దసాగింది.

* * *

శంభుప్రసాద్ గారు అంతా విని, గది తలుపు తామే లేచి మూశారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మన ముగ్గురికి. పురోహితుడికి తెలిసినా అర్థం తెలియదు."

"దినచర్య పుస్తకంలో పూజ వ్రాయబడి ఉన్నదా? లేదు. ముద్రలు చెదిరాయా? లేదు. అమ్మా, వారు సుంకం ఎగవేసి ఉంటారనే నా అభిప్రాయం. నీ అభిప్రాయమూ అదే కదా? అధర్మాన్ని అధర్మమని చెప్పడానికి సాక్ష్యం ఏ దారిని వస్తే ఏమి?"

"అభిప్రాయానికి నివేదిక ఎందుకండీ? నేను కొలిచానని సంతకం పెట్టాను. కొలిచినది కంపెనీ చేసిన పనిని కాదు. మన పూజను."

ఆయన కుర్చీలో వెనక్కు వాలారు. ఈసారి మాటలో గద్దింపు లేదు, జాలి ఉన్నది. "సరే. చెబుతావు. మొదటి ప్రశ్న ఏమని వస్తుందో ఆలోచించావా? మీ తమ్ముడు ఎక్కడ పనిచేస్తున్నాడమ్మా అని. ఆ తరువాత నీవు ఏమి చెప్పినా దానికి విలువ ఉంటుందా? పదకొండేళ్ళ పని పోతుంది. నూకరాజు పింఛను పోతుంది. నీ పేరు పోతుంది. ఇన్ని పోగొట్టుకుని నీవు నిలబెట్టేది నిజాన్ని అయితే సంతోషమే. కానీ అది నిజమని నమ్మేవాడు ఒక్కడైనా ఉంటాడా?"

హైమవతి గడప దాటుతూ ఆగింది. "చెప్పేంతవరకే నా పని" అన్నది.

ఆ సాయంత్రం ధనుంజయుడు మెట్లు దిగుతూ ఎదురయ్యాడు. ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఈ సంగతి ముందుగా తమ్ముడికి చెప్పి, ఆ తరువాత విచారణలో చెబితే, అది సాక్ష్యం కాదు, బేరం అవుతుంది. అతడు తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

* * *

విచారణ మందిరం నిండిపోయి ఉంది. ఒక పక్క ప్రభుత్వ న్యాయవాది, ఆయన వెనుక అధికారులు. రెండవ పక్క కంపెనీ న్యాయవాదులు, వారి నడుమ ఆర్డెన్‌వాల్ట్ విదేశీ ప్రతినిధి. వెనుక బల్లల మీద కొత్తరేవు కార్మికులు. వారిలో గోడకు ఆనుకుని ధనుంజయుడు. హైమవతి ప్రమాణం చేసింది. ప్రభుత్వ న్యాయవాది చిరునవ్వుతో లేచారు.

"డాక్టర్ హైమవతి గారూ, మీ నివేదికను ధ్రువపరుస్తున్నారా?"

"లేదండీ. ఉపసంహరించుకుంటున్నాను."

ఆయన చిరునవ్వు అలాగే ఉండిపోయింది. అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆమె జరిగినది జరిగినట్టు చెప్పింది. దసరా పూజ, నలభై రెండు సంచులు, పెద్ద మీట, సహస్రనామం. మందిరంలో ఎవరో ఫక్కున నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు.

మండలి అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే కంపెనీ నిర్దోషి అంటున్నారా?"

"అనడం లేదండీ. నాకు తెలియదంటున్నాను. తెలుసని మీకు వ్రాసి ఇచ్చాను, అది తప్పు."

అప్పటికి ప్రభుత్వ న్యాయవాది తేరుకున్నారు. ముఖం ఎర్రబడింది. "మీకు తమ్ముడు ఉన్నారు కదా?"

"ఉన్నాడు."

"ఎక్కడ పనిచేస్తున్నారు?"

"కొత్తరేవులో. ఆర్డెన్‌వాల్ట్ కర్మాగారంలో."

వెనుక బల్లల్లో గుసగుస పుట్టి మందిరమంతా పాకింది. హైమవతి గొంతు పెంచింది. "యంత్రాన్ని తెప్పించాను. ఏ రెండు ఫ్లైవీలు చక్రాలను పెట్టినా పలుకుతాయి. మీరే ఎంచి పెట్టించండి. ఒక కారులో ఎన్నడూ ఉండలేనివి పలికితే ఆ నాదం కంపెనీ చేసిన పనివల్ల వచ్చినది కాదని తెలుస్తుంది కదా."

"పలుకుతాయి, ఎందుకు పలకవు?" అన్నారు న్యాయవాది. "పెద్ద మీట లేపితే ఏవైనా పలుకుతాయని మీరే సెలవిచ్చారు. ఆ మీట దసరాకే లేపారని ఏమిటి నమ్మకం? నిన్న లేపలేదని ఎవరు చెప్పాలి? యంత్రం మీది, తాళం మీది, తమ్ముడు మీవాడు!"

అంత ఆలోచించినా ఇది ఆమెకు తట్టలేదు. తాను కనిపెట్టిన యంత్రమే ఇప్పుడు తన నిజాన్ని నిరూపించనివ్వకుండా నోరు నొక్కుతోంది. నాదం ఎంత గట్టిగా వినిపిస్తే అనుమానం అంత గట్టిపడుతుంది.

నూకరాజును పిలిచారు. కొత్త ధోవతి కట్టుకుని, నిటారుగా వచ్చి నిలబడ్డాడు.

"ఈ పూజ కథ నీకు ఎవరు నేర్పారు?"

"కతేటి బాబూ? సేసినాను. ఈ సేతుల్తోనే సేసినాను."

"ఇది ఒప్పుకుంటే నీ పింఛను ఆగిపోతుందని తెలుసా?"

"తెలుసు బాబూ. అమ్మగారు సెప్పినారు. బయమైతే రావొద్దన్నారు కూడా. దేవుడి పూజ సేసి సెయ్యనేదని ఎలాగ సెప్పను?"

"చూశారా?" అన్నారు న్యాయవాది అధ్యక్షుల వైపు తిరిగి. "అమ్మగారు ముందే అన్నీ చెప్పి తీసుకువచ్చారు. ఇక ఆ పూజారిని పిలిచినా నేర్పిన మాటే చెబుతాడు."

నూకరాజు తెల్లబోయి హైమవతి వైపు చూశాడు. తాను పలికిన నిజమైన మాట తన కళ్ళముందే అబద్ధంగా మారిపోవడం ఆ వృద్ధుడు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండడు.

సాయంకాలానికి ఉత్తర్వు వచ్చింది. ప్రయోగశాల సాక్ష్యం చెల్లదు. సుంకపు నోటీసు రద్దు. డాక్టర్ హైమవతిని విధులనుండి తప్పించి, ఆమె ప్రవర్తనపై దర్యాప్తు జరిపించవలెను. నూకరాజు పింఛను ఆ దర్యాప్తు తేలేవరకు నిలిపివేయవలెను.

బయటకు వస్తుంటే ఆర్డెన్‌వాల్ట్ ప్రతినిధి ఎదురుగా వచ్చి, తల వంచి, ఆమె చేతిలో తన చిరునామా కార్డు పెట్టాడు. పక్కనున్న న్యాయవాది తెలుగులో చెప్పాడు: "మీరు చేసిన సహాయం సార్ మరచిపోరట మేడమ్. ఎప్పుడు ఏం కావాలన్నా అడగమంటున్నారు."

"నేను సహాయం చేయలేదు" అన్నది హైమవతి. న్యాయవాది దానిని అనువదించలేదు. చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఆ కార్డును వారి కళ్ళముందే మెట్ల మీద పెట్టి నడిచింది.

* * *

ఆమె ఇల్లు చేరేసరికి వీధిలో చిన్న గుంపు ఉంది. కొత్తరేవు కార్మికులు. వారిలో ధనుంజయుడితోపాటు పనిలో చేరిన సూర్రావు ముందుకు వచ్చి దండం పెట్టాడు. ఒక స్త్రీ తన బిడ్డ చేత ఆమె పాదాలు ముట్టించింది. హైమవతి వారి మధ్యనుండి నడిచి లోపలికి వెళ్ళింది. ఆమెకు ఒక్క ఆశ మిగిలి ఉంది. లోకం ఏమైనా అనుకోనీ. పసితనంనుండి తనను ఎరిగినవాడు, ఒక్క అబద్ధం ఆడమని బతిమాలినా ఆడను పొమ్మని తన నోట విన్నవాడు, ఆ ఇంటి కప్పు కిందే ఉన్నాడు.

ధనుంజయుడు తలుపు వేసి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె వారిస్తున్నా వినకుండా నేలమీద సాష్టాంగపడి పాదాలు పట్టుకున్నాడు.

"లేవరా. ఏమిటిది?"

"లేవను. నిన్ను ఎన్ని మాటలన్నాను! ఇనుమే దగ్గర అన్నాను. అలాంటిది నువ్వు..." ఆమె పాదాలకు తల ఆనించాడు. "సాక్ష్యం చెబుతుంటే వింటూ గోడకు అతుక్కుపోయానక్కా. పూజ అంట, సహస్రనామం అంట! ఎంత అందంగా అల్లావు! ఆ ముసలాయన్ని కూడా ఎలా ఒప్పించావో. నీ ఉద్యోగం పోతుందని తెలిసి, నీ పేరు పోతుందని తెలిసి, మాకోసం నిండు సభలో అంత పెద్ద అబద్ధం ఆడావు."

హైమవతి వంగి అతడి భుజాలు పట్టుకుంది. "అబద్ధం కాదురా ధనుంజయా. జరిగిందే చెప్పాను."

అతడు తలెత్తి చూశాడు. ఆ కళ్ళలో ఎన్నడూ లేనంత ప్రేమ ఉంది. అనుమానం మాత్రం లేశమైనా లేదు. ఆమె అబద్ధమాడిందని అతడు అంత దృఢంగా నమ్మాడు.

"సరే అక్కా, సరే" అన్నాడు మెల్లగా, గోడలు వింటాయేమోనన్నట్టు అటూఇటూ చూసి. "నా దగ్గర కూడా అలాగే అను. అదే మంచిది. నా ప్రాణం పోయినా ఎవరికీ చెప్పను."

లేచి, ఆమె రెండు చేతులూ కళ్ళకు అద్దుకుని, పిల్లలను తీసుకువస్తానని మెట్లెక్కి వెళ్ళాడు. హైమవతి నిలబడిన చోటే నిలబడి ఉంది. ఎన్నిసార్లు ప్రమాణం చేసి చెప్పినా ఈ ఇంట్లో ఇకమీద తనను అబద్ధమాడినందుకే ప్రేమిస్తారని ఆమెకు అర్థమైంది. అంత ప్రేమను తోసిపుచ్చడానికి తగిన మాట ఒక్కటి కూడా ఆమెకు దొరకలేదు. మేడమీదనుండి పిల్లలు "అత్తా!" అని పిలుస్తూ దిగి వస్తున్నారు.

ఈ కథను చెవులారా విన్నవారి నోట సత్యం భయం లేకుండా వెలువడుగాక! అంతకంటె ముఖ్యంగా, సత్యం చెప్పినవారిని నమ్మగల మనస్సు వారి సొంతవారికి కలుగుగాక! సర్వులకు సింహాద్రినాథుని చల్లని కటాక్షం లభించుగాక!